డబ్బాలు మరీ ఎక్కువైపోయాయా? కొత్తది దాచడానికి చోటే దొరకడం లేదు

ప్లానో_పిల్లోడు
డల్లాస్ ఉత్తరం వైపు జియోక్యాషింగ్ (ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ కోఆర్డినేట్లతో వెతికే ఆట) చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మీకు కొత్త డబ్బా పెట్టడానికి చోటు దొరుకుతోందా? మా ఇంటి వెనక వాగు పక్కన నడకదారి ఉంది. చెట్లు, చెక్క వంతెన, చాలా బాగుంటుంది. అక్కడ ఒకటి పెడదామని మంచి డబ్బా కొని, పిల్లలతో రంగులేయించి, పార్కు వాళ్ళ అనుమతి కూడా తీసుకుని సైట్‌లో సబ్మిట్ చేశా. సైట్ తరఫున కొత్తవాటిని పరిశీలించే రివ్యూయర్ "దగ్గర్లో ఇంకోటి ఉంది, 161 మీటర్ల ఎడం లేదు" అని తిప్పి పంపాడు. మ్యాప్‌లో చూస్తే అక్కడ ఏమీ లేదు! సరే, ఇంకాస్త అవతలికి జరుపుదామంటే అటు షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కరెంటు స్తంభం కింద ఒక ఫిల్మ్ డబ్బీ అడ్డం. దాని తర్వాత బ్యాంకు ముందు ఇంకో స్తంభం, ఇంకో డబ్బీ. మంచి చోట్లన్నీ ఇలాంటి చెత్తతో నిండిపోతే కొత్తగా చేరినవాళ్ళం ఏం చేయాలి? ఈ ఆట ఇక నిండిపోయినట్టేనా?

మ్యాప్_మామ
కనపడని డబ్బా అంటే మిస్టరీ రకందే, పజిల్ విప్పితేనే చోటు తెలిసేదే, అయ్యుంటుంది. మ్యాప్ మీద ఉండే ప్రశ్నార్థకం ఒట్టి గుర్తు. అసలు డబ్బా దానికి 3 కిలోమీటర్ల లోపు ఎక్కడైనా ఉండొచ్చు, పజిల్ విప్పినవాడికే తెలుస్తుంది. మల్టీలో (ఒక చోటు నుంచి ఇంకో చోటికి తిప్పి చివర్లో డబ్బా చూపించే రకం) మధ్య స్టేజీలూ అంతే, అక్కడ ఏదైనా వస్తువు దాచి ఉంటే దానికీ 161 లెక్క వర్తిస్తుంది. బోర్డు చదివి అంకెలు రాసుకునే స్టేజీ అయితే వర్తించదు. అందుకే రంగులకంటే ముందు కోఆర్డినేట్లు పెట్టి రివ్యూయర్‌ని అడగాలి, ఖాళీ ఉందో లేదో చెప్తారు.

ప్లానో_పిల్లోడు
ఈ ముక్క ముందే తెలిసుంటే బాగుండేది మామా. ఇప్పుడు ఆ డబ్బాలో పిల్లలు క్రేయాన్లు పెట్టుకున్నారు.

లెక్కల_మాస్టారు
నిండిపోయిందా లేదా అన్నది లెక్క వేస్తే తేలిపోతుంది కదా. ఒక్కోదానికీ మధ్య 161 మీటర్లు వదిలి, తేనెపట్టు గదుల్లా ఎంత ఒత్తుగా పేర్చినా చదరపు కిలోమీటరుకి 44 దాటవు. భూమ్మీద నేల దాదాపు 14 కోట్ల 90 లక్షల చదరపు కిలోమీటర్లు. గుణిస్తే 650 కోట్ల పైమాట. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద ఉన్నవి 30 లక్షల పైచిలుకు. అంటే రెండు వేల చోట్లుంటే ఒక్కదాంట్లో డబ్బా ఉన్నట్టు. ఇంకా మన మనవళ్ళకి, ముని మనవళ్ళకి కూడా చోటుంది.

సీమ_చిన్నోడు
ఏం లెక్కప్పా ఇది! సహారాలో, అంటార్కిటికాలో పెట్టుకోమంటావా ఆయప్పని? ఆయన అడిగింది ప్లానోలో.

లెక్కల_మాస్టారు
అంటార్కిటికాలో కూడా ఉన్నాయి బాబూ. మిగిలింది సహారానే.

స్ట్రోలర్_అమ్మ
"చెత్త" అన్న మాట నాకు నచ్చలేదు. పార్కింగ్ డబ్బీలు మీకు చెత్త కావచ్చు. మా మావయ్యగారు విజయవాడ నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చినప్పుడు పొద్దంతా ఇంట్లోనే కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులు, అడవి దారుల్లో నడవలేరు. నాకేమో చంకలో పసిపిల్ల. ఇద్దరం కారేసుకుని తిరిగినవన్నీ ఇవే, కష్టం 1, దారి 1, అంటే అన్నిటికంటే తేలికవి. స్తంభం అడుగున ఉండే ఇనప తొడుగు పైకి లేస్తుందని ఆయనకి తెలిశాక నేను కారు ఆపేలోపే దిగిపోయేవారు. డబ్బీలో ఉండే లాగ్ కాగితం మీద, దొరికినవాళ్ళు పేరు రాసేదాని మీద, తెలుగులో సంతకం. మావయ్యగారికి ఆ కాలక్షేపం దొరికింది ఆ "చెత్త" వల్లే.

ప్లానో_పిల్లోడు
అక్కా, మీ మావయ్యగారిని ఏమీ అనలేదు. ఒకటి రెండు ఉంటే సరే. ఒకే పార్కింగ్ లాట్‌లో, పక్కదాంట్లో, ఎదురుదాంట్లో కూడా అవే ఉంటే ఏం బాగుంటుంది?

గోదారి_గాలి
మావయ్యగారికి అకౌంట్ ఉందాండీ? ఉంటే స్కోరెంతో చెప్పండి, ఇక్కడ కొంతమంది కంటే ఎక్కువే ఉంటుంది.

పాతకాపు_న్యూజెర్సీ
నేను చేరిన కొత్తలో కూడా ఇదే గోల. "అబ్బే, మొన్నటి దాకా బాగుండేది, ఇప్పుడు ఎక్కడ చూసినా డబ్బాలే" అని. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని మసకబార్చడం ఆపేసిన మర్నాడే ఆరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ ఒక బకెట్ దాచాడు. అందులో ఒక బీన్స్ డబ్బా కూడా ఉందని ఈ ఆటలో ఉన్న అందరికీ తెలుసు. ఆ సెప్టెంబరులో జియోక్యాషింగ్ వెబ్‌సైట్ మొదలయ్యేసరికి ప్రపంచం మొత్తానికి ఉన్నవి 75. 2010లో పది లక్షలు. 2013లో ఇరవై. 2017లో ముప్పై. ఇప్పుడు? ఇంకా ఆ ముప్పై చుట్టుపక్కలే. మొదటి పది నుంచి ఇరవైకి మూడేళ్ళు, ఇరవై నుంచి ముప్పైకి నాలుగేళ్ళు, ఆ తర్వాత దాదాపు ఆగిపోయింది. నిండి పొర్లిపోతుందని భయపడ్డాం గానీ కొత్తవి పడుతున్నకొద్దీ పాతవి అంతే వేగంగా పోతున్నాయి. కాబట్టి మొత్తం సంఖ్య గురించి బెంగ అక్కర్లేదు. ఎక్కడ ఎవరి డబ్బా కూర్చుని ఉంది అన్నదే గొడవ.

మ్యూనిక్_మురిపెం
జర్మనీ నుంచి. అమెరికా తర్వాత డబ్బాలు ఎక్కువున్న దేశం ఇదే అంటారు, వచ్చి చూస్తే నిజమే అనిపిస్తుంది. చదువుకోడానికి వచ్చిన కొత్తలో వారాంతం ఖర్చు లేకుండా గడవాలంటే ఇదొక్కటే దారి, ఎస్-బాన్ (లోకల్ రైలు) టికెట్ ఎలాగూ ఉంటుంది. ఇక్కడ చోటు కరువు కంటే అడవి అధికారులతో, వేటగాళ్ళతో పేచీలే పెద్ద తలనొప్పి. రాత్రి టార్చిలు పట్టుకుని తిరిగితే జింకలు బెదిరిపోతాయని గోల. గుహల్లో, పాత సొరంగాల్లో ఉన్నవాటిని గబ్బిలాలు నిద్రపోయే చలికాలమంతా మూసేస్తారు. ఒక కొండకి ఒక డబ్బా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. దారి పొడుగునా వరసగా పెట్టేసరికి పొదల్లో కొత్త కాలిబాటలు పడ్డాయి, అప్పుడు అందరి కళ్ళూ పడ్డాయి.

వేగాస్_వేట
వరస డబ్బాల గురించి ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నా. అలాంటి వరసని పవర్ ట్రయిల్ అంటారు, చేసినవాడికే తెలుస్తుంది ఆ మజా. నెవాడాలో 375 నంబరు రోడ్డు, ఏలియన్ల హైవే. మనిషి లేడు, చెట్టు లేదు. ప్రతి 161 మీటర్లకి ఒక ఫిల్మ్ డబ్బీ, వెయ్యికి పైగా. నలుగురం ఒక కారు. ఒకడు డ్రైవింగ్, ఒకడు దూకడం, ఒకడు సంతకం బదులు స్టాంపు, ఒకడు చిప్స్. ఆ ఎడారిలో వాటి వల్ల ఎవరి చోటు పోయింది చెప్పండి?

సీమ_చిన్నోడు
చిప్స్ తిన్నోనికి గూడా స్మైలీ, అదే దొరికిందని మ్యాప్‌లో పడే గుర్తు, పడిందా?

వేగాస్_వేట
పడింది. చిప్స్ కొన్నది వాడే.

పాతకాపు_న్యూజెర్సీ
వేగాస్ తమ్ముడూ, సగం చెప్పి సగం మింగావు. 2011లో ఆ రాష్ట్ర రోడ్ల శాఖ వాళ్ళు ప్రమాదమని చెప్పి ఆ వరస మొత్తం తీయించారు. తర్వాత మార్పులతో మళ్ళీ వచ్చింది. ఇంకో సంగతి. ఒకప్పుడు నిబంధనల్లోనే ఉండేది, "చోటుంది కదా అని ప్రతి 600 అడుగులకీ ఒకటి పెట్టకండి" అని. ఆ వాక్యం తీసేశాకే ఈ వరసలు పెరిగాయి. మీరు ఆ రోజు నిజంగా ఒక్కో డబ్బీలో కాగితం తీసి సంతకం పెట్టారా, లేక ముందు డబ్బీ తీసుకెళ్ళి తర్వాతి దాని చోట పెట్టి, దాన్ని పట్టుకెళ్ళి ఆ తర్వాతి చోట పెట్టారా?

వేగాస్_వేట
ఆ ట్రయిల్‌లో అందరూ అలాగే చేస్తారు అన్నా. కారు కదులుతుండగానే స్టాంపు పడిపోతుంది.

పాతకాపు_న్యూజెర్సీ
అదే చెప్తున్నా. దాన్ని వెతకడం అనరు, పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం అంటారు.

లెక్కల_మాస్టారు
పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు అటూ ఇటూ మార్చడు కదా.

డెవన్_దొర
ఇంగ్లండు నుంచి. డార్ట్‌మూర్ అనే కొండల బీడు దగ్గర ఉంటాను. ఇక్కడ జీపీఎస్ రాకముందు నుంచే ఈ పిచ్చి ఉంది. 1854లో క్రాన్‌మియర్ పూల్ అనే బురద గుంట దగ్గర జేమ్స్ పెరట్ అనే గైడు ఒక సీసా పెట్టాడు, వెళ్ళినవాళ్ళు అందులో కార్డు వదిలి రావాలి. దాన్నుంచి లెటర్‌బాక్సింగ్ పుట్టింది. చాలా ఏళ్ళ పాటు నాలుగైదు పెట్టెలే, రోజంతా నడిస్తే ఒకటి. తర్వాత వేలకి పెరిగాయి. అప్పుడూ ఇదే గొడవ, రాళ్ళు తిరగేస్తున్నారని, పురాతన సమాధుల రాళ్ళు కదిలిస్తున్నారని. దాంతో ఎక్కడ పెట్టకూడదో నియమాలు వచ్చాయి, ఆట ఆగిపోలేదు. నూరు పెట్టెలు చూసినవాళ్ళకి బ్యాడ్జి కూడా ఉంది. గోల చేసినవాళ్ళూ ఆ బ్యాడ్జి మానలేదు.

ఊళ్ళలో అయితే కథ వేరు. 2011లో వెదర్‌బీ అనే ఊళ్ళో ఒక కేఫ్ బయట ఎవరో డబ్బా సర్దుతుంటే చూసినవాళ్ళు బాంబనుకుని పోలీసులకి చెప్పారు. వీధి ఖాళీ చేయించి పేల్చేశారు. అప్పటి నుంచి ఇక్కడ ఊరి మధ్య పెట్టేవాటికి కట్టుదిట్టాలు పెరిగాయి.

మాదాపూర్_నడక
మీరందరు చోటు లేదని ఏడుస్తున్నరు, నాకు నవ్వాగుతలేదు. హైదరాబాద్ వచ్చి మ్యాప్ తెరిచి చూడున్రి. గింత పెద్ద ఊర్ల వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాట్ల కూడ సగం మాయం. గండిపేట దిక్కు రాళ్ళ సందుల పెట్టినోళ్ళది ఒకటుండె, ఎవరో పిలగాండ్లు పట్టుకపోయిన్రు. డెవన్ అన్న చెప్పిన బాంబు ముచ్చట ఇక్కడ ఇంకా ఎక్కువ. 2007ల లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013ల దిల్‌సుఖ్‌నగర్ చూసిన ఊరిది. రద్దీ ఉన్న జాగల దిక్కులేని డబ్బా కనవడితే జనం ఊకుంటరా? ఊకోవద్దు కూడ. గందుకే నేను ఊరవతల గుట్టలల్లనే పెడ్తున్న, బండ యజమానికి చెప్పి.

ప్లానో_పిల్లోడు
అన్నా, డిసెంబర్‌లో వస్తున్నా. అక్కడే రెండు మూడు పెట్టేస్తా!

మాదాపూర్_నడక
పెట్టినంక ఎవరు చూస్తరు తమ్మీ? నువ్వు మల్ల రెండేండ్లకు వస్తవు. సెలవులకు వచ్చి పెట్టిపోయేటోళ్ళవి రివ్యూయర్ ఒప్పుకోరు, దగ్గర్ల ఉండి చూసుకునే మనిషి పేరు చెప్పాలె.

గోదారి_గాలి
అసలు సంగతి ఇప్పుడు వచ్చిందండీ. పెట్టడం కాదు, చూసుకోవడం. ప్లానో తమ్ముడి దారికి అడ్డుపడ్డ ఆ పార్కింగ్ డబ్బీ ఓనర్ ఎప్పుడు లాగిన్ అయ్యాడో ఒకసారి చూడండి. ప్రొఫైల్ పేజీలో ఉంటుంది.

ప్లానో_పిల్లోడు
చూశా. 2016! పదేళ్ళ నుంచి మనిషే లేడు. కానీ డబ్బీ మాత్రం పోయిన నెల కూడా ఎవరికో దొరికింది.

సీమ_చిన్నోడు
గ్రీన్ కార్డు రాక ఇండియాకి పోయినాడేమో.

గోదారి_గాలి
వెతికినవాళ్ళు సైట్‌లో రాసిన పాత లాగ్‌లు చదవండి తమ్ముడూ. "కాగితం తడిసిపోయింది", "మూత లేదు", "దొరకలేదు", "దొరకలేదు", ఆ తర్వాత "డబ్బా లేదు కాబట్టి నా దగ్గరున్న కొత్తది పెట్టి సంతకం చేశాను". ఇలాంటి లాగ్ ఉండి తీరుతుంది. ఓనర్ ఎప్పుడో వదిలేశాడు. అయినా వచ్చినోళ్ళు స్మైలీ కోసం ఎవరికి వాళ్ళు ఫిల్మ్ డబ్బీ పడేసి పోతుంటే అది చావదు. ప్రాణం లేని డబ్బా పదేళ్ళుగా ఆ 161 మీటర్లూ పట్టుకుని కూర్చుంది. నన్నడిగితే ఊళ్ళు నిండిపోడానికి కారణం కొత్తగా పెట్టేవాళ్ళు కాదు, ఇలా పడేసిపోయే వాళ్ళు.

వేగాస్_వేట
సాయం చేసినవాడిని కూడా తిడతారా! నా జేబులో ఎప్పుడూ నాలుగు డబ్బీలుంటాయి. పోయిందని తెలిస్తే కొత్తది పెట్టి వస్తా. వెనకాల వచ్చేవాడికి నిరాశ ఉండదు కదా.

గోదారి_గాలి
పోయిందని మీకెలా తెలుసండీ? మీకు దొరకలేదు, అంతే. ఒక్కోసారి అసలుది పైన కొమ్మ మీద వేలాడుతుంటుంది, కింద మీరు పెట్టింది ఉంటుంది. మా రిచ్‌మండ్‌లో ఒక వంతెన దగ్గర ఇలాగే రెండు దొరికాయి. ఓనర్ ఉంటే ఆయన్ని అడిగి పెట్టండి, కాదనను. ఓనర్ లేకపోతే "దొరకలేదు" అని లాగ్ రాసి వచ్చేయండి. అలా నాలుగు పడితే రివ్యూయర్ చూస్తాడు, నెల గడువిస్తాడు, జవాబు లేకపోతే ఆర్కైవ్ చేస్తాడు, అంటే మ్యాప్ నుంచి తీసేస్తాడు. చోటు ఖాళీ అవుతుంది.

స్ట్రోలర్_అమ్మ
అంటే మా మావయ్యగారి డబ్బీలు తీయించేద్దామంటారు, అంతేగా.

గోదారి_గాలి
ఓనర్ ఉన్నవి ఉండనివ్వండమ్మా, వెయ్యి ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

మ్యాప్_మామ
ప్లానో, నీకో మాట. నీ చోటు కోసం ఆ పాతదాన్ని రివ్యూయర్‌కి రిపోర్ట్ చేస్తే పది మందీ నిన్ను రాబందు అంటారు. డబ్బా బాగుండి, కాగితం పొడిగా ఉంటే ఓనర్ లాగిన్ కాకపోవడం ఒక్కటే తీసేయడానికి కారణం కాదు. ముందు వెళ్ళి చూడు. నిజంగా పాడైపోయి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాయి, ఫోటో పెట్టు.

పాతకాపు_న్యూజెర్సీ
నేను ఒప్పుకోను మామా. మంచి చోట ఎవరూ చూసుకోని డబ్బా ఉంటే రిపోర్ట్ చేయడంలో మొహమాటం ఎందుకు? తనకి చోటు కావాలి కాబట్టే చేశాడు అనుకుందాం. అయితే? పాడైనది పాడైనదే. ఈ మొహమాటం వల్లే మా కౌంటీ పార్కులో అన్ని డబ్బాల్లో చిత్తడి కాగితాలు.

మ్యాప్_మామ
పాతవాటిని అంత తేలిగ్గా తీసేయమంటే కాన్సస్‌లో మింగో డబ్బా కూడా ఎప్పుడో పోయేది. 2000 మే నాటిది, ఇప్పుడున్నవాటిలో అన్నిటికంటే పాతది. దాన్ని చూడటానికే జనం హైవే దిగి వెళ్తారు.

పాతకాపు_న్యూజెర్సీ
మింగోకి, బ్యాంకు ముందు స్తంభానికి పోలికేంటి మామా.

బెల్లెవ్యూ_బుజ్జి
సియాటెల్ వైపు నుంచి. జియోక్యాషింగ్ సైట్ హెడ్‌క్వార్టర్స్ ఊరు కాబట్టి ఇక్కడ ఎంత ఒత్తుగా ఉంటాయో ఊహించుకోండి. నేనైతే మ్యాప్ మొత్తం చూడటం మానేశా. బాగా నచ్చిన డబ్బాకి ఆటగాళ్ళు ఇచ్చే ఫేవరెట్ పాయింట్లతో వడగడతా. డబ్బు కట్టే ప్రీమియం సభ్యులకి పది దొరికితే ఒక పాయింటు వస్తుంది కాబట్టి ఎవరూ ఊరికే పంచరు. యాభై దాటినవి మాత్రమే పెట్టుకుంటే మ్యాప్ ఒక్కసారిగా ఖాళీ. స్తంభాలన్నీ మాయం. నచ్చనివి ఇగ్నోర్ లిస్టులో వేసేయండి, ఈ కొట్లాట దేనికి?

డెవన్_దొర
ఆ వడపోతకి మా కొండలు చిక్కవు. ఏడాదికి పది మంది వచ్చే డబ్బాకి యాభై పాయింట్లు ఎప్పటికి వస్తాయి? ఎంతమంది వచ్చారు, అందులో ఎంతమంది ఇచ్చారు అని శాతం చూడాలి. పైగా మీరు దాచుకున్నా అది అక్కడే ఉంటుంది, ప్లానో తమ్ముడికి చోటు రాదు.

బెల్లెవ్యూ_బుజ్జి
చోటే కావాలంటే అడ్వెంచర్ ల్యాబ్ చేయొచ్చు. డబ్బా ఉండదు, మామూలుగా అయిదు చోట్లు తిప్పి ఒక్కో చోట ప్రశ్న అడుగుతారు. 161 మీటర్ల బాధ లేదు.

సీమ_చిన్నోడు
డబ్బా లేకుంటే అది ఫోన్ల పరీక్ష రాసినట్టుంటాది. నాకొద్దప్పా. చెయ్యి పెడితే సాలీడు గూడో, డబ్బానో తెలీకుండా ఉండాల, అదీ మజా.

మ్యూనిక్_మురిపెం
నాది ఇంకో బాధ. మా చుట్టుపక్కల ఉన్నవన్నీ నాకు అయిపోయాయి. మ్యాప్ నిండా పసుపు స్మైలీలే. ఊరు నిండిపోయిందని ఓనర్లు అంటారు, నాకేమో ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కొత్తది ఒకటి దొరకాలంటే గంట రైలు. అందుకే పాతవి ఆర్కైవ్ అయి అదే చోట వేరేవాళ్ళు కొత్తవి పెడితే నాకు పండగ.

పాతకాపు_న్యూజెర్సీ
మురిపెం చెప్పింది అందరూ వినండి. ఒక చోట ఎప్పటికీ ఒకరి డబ్బానే ఉండాలని ఎవరు రాశారు? నావి కొన్ని అయిదేళ్ళు దాటగానే నేనే తీసేశాను, చోటు వదిలేశాను.

మ్యాప్_మామ
నువ్వు తీసేసిన వాగు పక్కది నాకు దొరకనే లేదు, ఆ కోపం ఇంకా ఉంది.

గోదారి_గాలి
తీసేయక్కర్లేదు కూడానండీ, ఊరు మారేటప్పుడు అక్కడే ఉండేవాళ్ళకి దత్తత ఇవ్వొచ్చు. సైట్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. కానీ ఇచ్చే మనిషి ఒప్పుకుంటేనే కుదురుతుంది. లాగిన్ కానివాడి దగ్గర్నుంచి తీసుకోలేం. మన వాళ్ళు ఇళ్ళు అమ్మి, కార్లు అమ్మి, సోఫాలు గ్రూపుల్లో పెట్టి మరీ ఇండియా వెళ్తారు, డబ్బాలు మాత్రం మర్చిపోతారు.

ప్లానో_పిల్లోడు
ఇవాళ సాయంత్రం వెళ్ళి చూశా. తొడుగు కింద ఒకటి కాదు, మూడు డబ్బీలున్నాయి. ఒకదాంట్లో కాగితం ముద్దయిపోయింది, ఇంకోటి ఖాళీ, మూడోదాంట్లో సంతకాలున్నాయి. ఫోటోలు తీసి ఉన్నదున్నట్టు లాగ్ రాశా. రాబందు అంటే అననీ.

వేగాస్_వేట
మూడింట్లో ఏదీ నాది కాదు. నావి నల్ల మూతలు.

సీమ_చిన్నోడు
ఎవురూ అడగలేదు గదన్నా.

మాదాపూర్_నడక
మీ పంచాయితి అయినంక నాకొక సలహా ఇయ్యున్రి. గుట్ట మీద ఒకటి పెట్టాలె. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా పెడితే ఎండకు పెళుసయి, వానకాలం నీళ్ళు వోతున్నయ్. స్టీలుది పెడితే ఎవరన్న పట్టుకపోతరు. ఏం పెట్టాలె?

డెవన్_దొర
ప్రీఫార్మ్. కూల్‌డ్రింక్ సీసాలు ఊదకముందు గట్టి గొట్టంలా ఉంటాయి చూడండి, అవి. మూత బిగిస్తే నీళ్ళు పోవు. ఇక్కడ మేం ఆన్‌లైన్‌లో కొంటాం. మీకైతే వాటర్ బాటిళ్ళు తయారు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతాయి.

మాదాపూర్_నడక
మా చర్లపల్లి దిక్కు అడిగి చూస్త. బస్తా లెక్కన ఇస్తమంటే ఏం జెయ్యాలె?

వేగాస్_వేట
మిగిలినవి నాకు పంపు అన్నా.